ఒంట్లో తిరిగే మూటలు

మన ఒళ్లంతా కణాలే. కణం కంటికి కనిపించనంత చిన్నది. దాని చుట్టూ పలుచని పొర ఉంటుంది. కణం లోపల రకరకాల సరుకు తయారవుతుంది. పెద్ద సరుకు ఆ పొరను దాటిపోలేదు. మరి బయటికి ఎలా వస్తుంది? మూటలో వస్తుంది.

కణం లోపలి పొరల నుంచి చిన్న సంచి ఊడుతుంది. సరుకు అందులో ఉంటుంది. సంచి కణం అంచుకు చేరుతుంది. దానికి కొక్కెం లాంటిది ఉంటుంది. రవికె హుక్కు కాజాలో పడ్డట్టు, అది అంచు పొరను పట్టుకుంటుంది. సంచి పొరలో కలిసిపోతుంది. సరుకు బయట పడుతుంది. తల్లిపాలలోని మాంసకృత్తులు ఇలాగే వస్తాయి. ఈ సంగతి కనిపెట్టినందుకు 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సూడోఫ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. పేర్లు పలకడం కష్టమే!

నరాలు కూడా కబుర్లను ఇలాంటి సంచుల్లోనే పంపుతాయి. కండరాన్ని బిగించమని ఒక కబురు. సడలించమని ఒక కబురు.

ధనుర్వాతం ఆ కొక్కేన్నే తెంచుతుంది. దాని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. మురికి కొడవలితో బొడ్డు కోసినా, కోసినచోట పేడ రాసినా బిడ్డకు సోకుతుంది. క్రిమి పుట్టించే విషం నరాల వెంట వెన్నులోకి పోతుంది. సడలించే కబురు పంపే చోట కొక్కేన్ని కోసేస్తుంది. సంచులు నిండుగానే ఉంటాయి. కానీ తెరుచుకోవు. రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డకు దవడలు బిగుస్తాయి. చన్ను పట్టలేదు. ఒళ్లు ధనుస్సులా, అంటే విల్లులా వంగుతుంది. అందుకే ఆ పేరు. పూర్వం గాలి సోకిందనేవాళ్లు. తల్లినే తిట్టేవాళ్లు. ఆమె తప్పేముంది?

తెగిన కొక్కెం బదులు కొత్తది రావడానికి వారాలు పడుతుంది. బిడ్డ అంతవరకు ఆగగలదా? అందుకే గర్భిణికి ముందే సూది వేస్తారు. పూర్వం టి.టి. అనేవారు. ఇప్పుడు కంఠసర్పికి కూడా పనిచేసే టి.డి. వేస్తున్నారు. గర్భం తెలిసిన వెంటనే ఒకటి, 4 వారాలకు రెండోది. రెండూ వేయించుకున్నాక 3 ఏళ్లలోపు మళ్లీ గర్భం వస్తే ఒక్కటి చాలు.

సూదితో తల్లి రక్తంలో విషాన్ని అడ్డుకునే రక్షకాలు పుడతాయి. అవీ పెద్ద సరుకే. మాయలోని కణాలు వాటిని సంచుల్లోకి తీసుకుని, అవతల బిడ్డ వైపు వదులుతాయి. అంటే విషం ఆపేదీ సంచినే, బిడ్డకు రక్షణ మోసేదీ సంచే.

మన దేశంలో ప్రతి జిల్లాలోనూ ఈ జబ్బు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డకన్నా తక్కువకు దిగిందని 2015లో ప్రకటించారు. క్రిమి మాత్రం మట్టిలోనే ఉంది. తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని నెలలే ఉంటుంది. అందుకే బిడ్డకు 6, 10, 14 వారాలకు సొంత సూదులు వేయించాలి.