అనంతగిరి కొండలు – కాఫీ నీడ

విశాఖపట్టణమునకు వాయవ్యమున, శృంగవరపుకోట దాటినంతనే తూర్పు కనుమలు నిటారుగా లేచును. ఇవియే అనంతగిరి కొండలు. గాలికొండ కడ ఎత్తు 4 వేల అడుగులను మించును. గోస్తనీ నది ఈ కొండలలో జన్మించి, బొర్రా సున్నపురాతి గుహలగుండ పారి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము వద్ద సముద్రమున గలియును. తాటిపూడి నీటితో మడి తడుపుకొను రైతునకు ఈ కొండలతో పొత్తు కలదు.

చెట్లు కొట్టి, కాల్చి, చోళ్లు, సామలు చల్లుటయే పోడు. రెండు మూడేండ్లకే నేల సారము తగ్గును. వానకు మన్ను జారి యేటిలో బడును. ఇందుకు గిరిజనుని నిందించి లాభము లేదు. కడుపు నింపు వేరొక పంట కావలయును. కాఫీ యట్టిది. నీడ లేనిదే యిచ్చటి కాఫీ బాగుగ నుండదు గనుక, దానిని పెట్టినవాడు చెట్టు కొట్టడు. సిల్వరు ఓకు నాటి, దానిపై మిరియపు తీగ ప్రాకించును. అయితే మూడు నాలుగేండ్లవరకు కాపు రాదు. ఆ నిరీక్షణ బీదవానికి కష్టము.

పండ్లు కార్తికము మొదలు పుష్యమువరకు పండును. ఎఱ్ఱనివి మాత్రమే యేరవలయును. పచ్చివి కలిసినచో ధర పడిపోవును. తొక్క యొలిచి, కడిగి, ఎండబెట్టిన గింజకు విలువ హెచ్చు. యంత్రము ఒక్కనికి భారము, పదుగురికి సులభము. 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి సరకు కొనుటచే దళారికి ఎదురు నిలిచెడి బలము కొంత కలిగినది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను.

2025లో అరకు ప్రాంతమున కాయతొలుచు పురుగు కనబడినది. నువ్వుగింజ కన్న చిన్నదగు నల్లని పెంకుపురుగిది. గింజలోనే గ్రుడ్లు పెట్టును. నేల రాలిన పండ్లు మిగిలిన, మరుసటి పంటకు అదే యాపద. పండ్లను ఏరి వేడినీట ముంచి పాతిపెట్టవలయును. ఈ పని ఒక తోటలో చేసి ప్రక్కతోటలో మానిన వ్యర్థమే.

ఈ కొండలలో నడువగోరువారికి శీతకాలము మేలు. కొత్తవలస–కిరండూలు మార్గపు రైలులో బొర్రాలో దిగి, కటికి జలపాతము వైపు నడువవచ్చును. అరకు లోయలో వలిసె చేలు పసుపు పరచినట్లుండును. కాఫీ త్రాగువారు మనలో అనేకులు. చెట్టు చూచినవారు కొందరే! తోటలోనికి యజమాని యనుమతితోనే పోవలయును. పండు కోయరాదు, సంచిలో వేసికొని వేరొక తోటకు గొనిపోరాదు. తిరిగి వచ్చునపుడు మిరియములు, చింతపండు, తేనె గిరిజన సహకార దుకాణములో కొనవచ్చును.