మరోదా నుండి చిన్న యాత్ర: ఏ ఋతువు అనుకూలము?

విహారయాత్ర అనగానే ఎక్కడికి వెళ్ళవలెనన్న ఆలోచన ముందు వస్తుంది. ఎప్పుడు వెళ్ళవలెనన్న ప్రశ్న మాత్రము సెలవుల పట్టికకు వదలివేయబడుతుంది. దీర్ఘకాలము సాగే యాత్రలో ఒక పూట వృథా అయినా బాధ లేదు. కాని రెండు మూడు రోజుల యాత్రలో ఒక దినము ఎండకో వానకో బలి అయితే యాత్రలో సగము పోయినట్లే. జలపాతము వేసవిలో సన్నని ధారగా మిగులుతుంది. అభయారణ్యము వానాకాలంలో తలుపులు మూసుకుంటుంది. కనుక చిన్న యాత్రకు స్థలనిర్ణయము ఎంత ముఖ్యమో కాలనిర్ణయము అంత ముఖ్యము. ఈ విషయమును భిలాయి ఉక్కు నగరంలోని మరోదా ప్రాంతమును ఉదాహరణగా తీసుకొని పరిశీలింతము.

ఉక్కు నగరము, తెలుగు కుటుంబములు

భిలాయి ఉక్కు కర్మాగారము సోవియట్ యూనియన్ సహకారముతో నిర్మింపబడినది. ఇందుకు సంబంధించిన ఒప్పందము 1955 ఫిబ్రవరి 2న జరిగినది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశపు నలుమూలల నుండి కార్మికులు, సాంకేతిక నిపుణులు ఇక్కడికి తరలివచ్చారు. వారిలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆనాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతము 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది.

కొలిమికి విరామము లేదు. పగలు రాత్రి షిఫ్టులలో పని సాగుతూనే ఉంటుంది. అందువలన కుటుంబములో అందరికీ ఒకేసారి తీరిక దొరకుట అరుదు. దొరికిన దీర్ఘమైన సెలవులు వేసవిలో వస్తాయి. అవి స్వగ్రామములోని పెండ్లిండ్లకు, బంధువుల దర్శనమునకు సరిపోతాయి. ఈ విధముగా మరోదాలో పుట్టి పెరిగిన పిల్లలకు అమ్మమ్మగారి ఊరి మామిడితోట తెలుస్తుంది గాని, తమ నగరమునకు నీరు వచ్చే జలాశయము, ముడి ఇనుము వచ్చే కొండలు తెలియవు. నివసించే నేలను ఎరుగకుండుట చిన్న లోటు కాదు. కాలమును తెలివిగా ఎన్నుకొన్నచో రెండు రోజుల సెలవుతోనే ఈ లోటును తీర్చుకొనవచ్చును.

నేల తీరు, వాన తీరు

భిలాయి మహానది పరీవాహక ప్రాంతములోని మైదానములో ఉన్నది. పశ్చిమమున మైకల్ కొండలు, దక్షిణమున బస్తర్ పీఠభూమి ఉన్నాయి. సముద్రము దూరము కనుక ఎండ కాలంలో ఎండ, చలి కాలంలో చలి కోస్తా ఆంధ్రముకంటె తీవ్రముగా ఉంటాయి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీల సెల్సియస్ దాటుట సామాన్యము. డిసెంబరు, జనవరి రాత్రులలో అది 12, 13 డిగ్రీలకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె దిగువకు పడిపోతుంది.

నైఋతి ఋతుపవనములు జూన్ మధ్యభాగమునకు ఇక్కడికి చేరుతాయి. జూలై, ఆగస్టు నెలలలో బంగాళాఖాతపు వాయుగుండములు ఒడిశా మీదుగా పశ్చిమముగా సాగి విస్తారముగా వర్షిస్తాయి. అక్టోబరు మధ్యనాటికి వానలు దాదాపు ముగుస్తాయి.

తెలుగు కుటుంబములు ఇక్కడ ఒక భేదమును గుర్తించవలెను. కోస్తా ఆంధ్రమున అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. ఆ అలవాటుచేత దసరా, దీపావళి దినములలో ప్రయాణమనగా పెద్దలు వెనుదీస్తారు. ఛత్తీస్‌గఢ్ మైదానములో అవి సాధారణముగా నిర్మలమైన ఆకాశముగల దినములు. అయితే కోస్తా తుపాను ఒక్కొక్కప్పుడు ఇక్కడికీ వస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగినది. కనుక శరత్కాలపు యాత్రకు ముందు వాతావరణ శాఖ సూచనలను చూచుట మంచిది.

గ్రీష్మము: వేకువకే పరిమితము

తెలుగువారు రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. సూర్యుడు రోహిణిలో ప్రవేశించిన తొలి తొమ్మిది దినములను ఛత్తీస్‌గఢ్ ప్రజలు నౌతపా అంటారు. పేర్లు రెండైనా ఎండ ఒక్కటే. ఏప్రిల్ నుండి జూన్ తొలివారము వరకు దూరప్రయాణము పిల్లలకు, వృద్ధులకు తగదు. మధ్యాహ్నపు వడగాలి ప్రాణాపాయకరము.

వేసవి పూర్తిగా నిరుపయోగమనుట కూడ సరికాదు. అడవిలో ఆకు రాలి చూపు దూరము సాగుతుంది, జంతువులు నీటి మడుగులవద్దకు చేరుతాయి. 1976లో ఏర్పడిన బార్‌నవాపారా అభయారణ్యములో అడవిదున్నలను, జింకలను చూడగోరువారికి వేసవి వేకువలు అనుకూలమే. ఊరు దాటలేనివారు భారత, సోవియట్ మైత్రికి చిహ్నముగా 1972లో నెలకొల్పబడిన మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాలను ఉదయముననో సాయంకాలముననో దర్శింపవచ్చును. అది మరోదాకు దగ్గరలోనే ఉన్నది.

వర్షాకాలము: నీటిని దూరమునుండి చూడవలెను

మరోదా జలాశయములకు, ఉక్కు కర్మాగారమునకు నీరు దక్షిణమున ఉన్న తాందులా జలాశయము నుండి కాలువలద్వారా వస్తుంది. బాలోద్ పట్టణమునకు సమీపముననున్న ఈ ఆనకట్ట ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో నిర్మింపబడినది. దుర్గ్ నుండి దల్లీ రాజ్‌హరా ఇనుప గనులకు పోయే రైలుమార్గము మరోదా, బాలోద్ స్టేషన్ల మీదుగానే సాగుతుంది. ఒకే దిక్కునుండి నీరు, ముడి ఇనుము రెండూ భిలాయికి చేరుతున్నాయన్న సత్యమును ఒక్క దినపు యాత్రలో విద్యార్థులు కన్నులారా చూడవచ్చును. గనుల లోనికి అనుమతి లేనిదే ప్రవేశము లేదు. జలాశయమును చూచుటకు ఆగస్టు చివరి భాగము, సెప్టెంబరు నెల ఉచితమైనవి. అప్పటికి నీరు నిండుతుంది, పొలములు పచ్చగా ఉంటాయి.

ఈ ఋతువులో ఆనందముతోపాటు అపాయము కూడ ఉన్నది. పైన ఎక్కడో కురిసిన వానకు దిగువ వాగు క్షణములలో పొంగుతుంది. పాచిపట్టిన రాయి కాలు నిలువనీయదు. జలపాతము క్రింద స్నానము, అలుగు మీద నడక, పొంగే వాగును దాటుట పూర్తిగా మానవలెను. ఉరుము వినబడినప్పుడు ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. విద్యార్థులను తీసుకొనిపోయే ఉపాధ్యాయులు ఈ నియమములను బయలుదేరకముందే చెప్పవలెను.

శరత్తు: జలపాతములు, బస్తర్ దసరా

అక్టోబరు నెల జలపాతములకు తగిన కాలము. జగ్దల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరమున ఇంద్రావతీ నది చిత్రకోట్ వద్ద దాదాపు 29 మీటర్ల ఎత్తునుండి దుముకుతుంది. జూలై, ఆగస్టులలో నీరు అధికమే గాని మట్టితో ఎర్రబారి ఉంటుంది, మార్గములు కూడ కష్టము. అక్టోబరు నాటికి ప్రవాహము మిగిలి ఉండగానే వాన తగ్గుతుంది. ఫిబ్రవరి దాటితే ధార సన్నగిల్లుతుంది.

ఇదే కాలములో జగ్దల్‌పూర్‌లో బస్తర్ దసరా జరుగుతుంది. డెబ్బది అయిదు దినములు సాగే ఈ ఉత్సవములో రావణ దహనము లేదు. దంతేశ్వరీ దేవి ఆరాధనయే ప్రధానము. అనేక గిరిజన సమూహములు రథనిర్మాణములో, రథోత్సవములో తమ తమ విధులను నిర్వర్తిస్తాయి. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యము స్థాపించెనని సంప్రదాయము చెపుతున్నది. తెలుగు విద్యార్థికి ఈ యాత్ర కాకతీయుల చరిత్రలోని తరువాతి అధ్యాయమును చదివినట్లగును.

అయితే ఒక చిక్కు ఉన్నది. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానములోని కుటుంసర్ గుహను వర్షాకాలములో మూసివేస్తారు. అది సాధారణముగా నవంబరు నాటికి తెరువబడుతుంది. దసరాను ఎన్నుకొంటే గుహ దక్కకపోవచ్చును, గుహను ఎన్నుకొంటే ఉత్సవము దక్కదు. నిండు జలపాతము, గుహ రెండూ కావలెనన్నచో నవంబరు తొలి పక్షము మధ్యేమార్గము. భిలాయి నుండి జగ్దల్‌పూర్‌కు మూడువందల కిలోమీటర్లకు మించిన దూరము కనుక ఈ యాత్రకు మూడు నాలుగు దినములు కేటాయించవలెను.

హేమంత శిశిరములు: శిల్పములు, సంతలు

నవంబరు మధ్యనుండి ఫిబ్రవరి చివరివరకు నడచి చూడవలసిన స్థలములకు అనువైన కాలము. మహానది ఒడ్డున సిర్‌పూర్‌లో ఏడవ శతాబ్దపు లక్ష్మణ దేవాలయము ఇటుకలతో నిర్మింపబడినది. రాజమాత వాసట దీనిని కట్టించినది. అక్కడి బౌద్ధ విహారముల శిథిలములు చాల దూరము విస్తరించి ఉన్నాయి. నీడలేని ఆ ప్రదేశములో వేసవిన అరగంట నిలుచుట కష్టము, జనవరిలో రోజంతా తిరుగవచ్చును. కవర్ధా సమీపమున మైకల్ కొండల పాదమున ఉన్న భోరమ్‌దేవ్ దేవాలయమునకు కూడ ఇదే కాలము. శీతకాలపు ఏటవాలు వెలుగులో శిల్పముల రేఖలు స్పష్టముగా కనబడుతాయి.

డోంగర్‌గఢ్ కొండమీది బమ్లేశ్వరీ దేవి ఆలయమునకు వేయికి పైగా మెట్లున్నాయి. నవరాత్రులలో అక్కడ జనసముద్రము. ఉత్సవమును చూడగోరువారు అప్పుడే పోవలెను. కొండమీది నుండి నేలను తీరికగా చూడగోరువారు డిసెంబరు ఉదయమును ఎన్నుకొనవలెను.

పుష్య పూర్ణిమనాడు ఛత్తీస్‌గఢ్ గ్రామములలో ఛేర్‌ఛేరా పండుగ జరుగుతుంది. కోతలు ముగిసిన ఆనందములో పిల్లలు ఇంటింటికి పోయి ధాన్యము అడుగుతారు. సంక్రాంతికి హరిదాసు అక్షయపాత్రలో బియ్యము పోసిన చేతులకు ఈ ఆచారము కొత్తగా తోచదు.

పంచాంగములోని పక్షము రోజులు

పండుగను బట్టి యాత్రను నిర్ణయించువారు రెండు పంచాంగముల భేదమును తెలుసుకొనవలెను. తెలుగువారికి మాసము అమావాస్యతో ముగుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో అది పూర్ణిమతో ముగుస్తుంది. శుక్లపక్షమునకు ఇద్దరూ ఒకే మాసపు పేరు చెపుతారు. కృష్ణపక్షమునకు మాత్రము ఇక్కడివారు తరువాతి మాసము పేరు వాడుతారు. బస్తర్ దసరా ఆరంభమయ్యే హరేలీ పండుగ ఇక్కడ శ్రావణ అమావాస్య. మన పంచాంగములో అది ఆషాఢ అమావాస్య. ఈ భేదము తెలియక మన శ్రావణ అమావాస్యకు బయలుదేరినవారు ఒక మాసము ఆలస్యముగా చేరుతారు.

మహానది, పైరీ, సోంఢూర్ నదుల సంగమమైన రాజిమ్‌లో మాఘ పూర్ణిమ నుండి మహాశివరాత్రి వరకు మేళా జరుగుతుంది. రాజిమ్‌కు సమీపముననే చంపారణ్ ఉన్నది. పుష్టిమార్గ స్థాపకుడు వల్లభాచార్యులు 1479లో ఇక్కడ జన్మించెనని ప్రసిద్ధి. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగు బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవారు. కాశీ నుండి దక్షిణమునకు మరలివస్తుండగా ఈ అడవిలో శిశువు జననమైనదని సంప్రదాయ కథనము. తెలుగు తల్లికి ఛత్తీస్‌గఢ్ అడవిలో పుట్టిన ఆ శిశువు వ్రజభూమికి, గుజరాతుకు, రాజస్థానమునకు ఆచార్యుడైనాడు. ఆయన జయంతి ఇక్కడ వైశాఖ కృష్ణ ఏకాదశి. మనకు చైత్ర బహుళ ఏకాదశి. అది ఎండల కాలము కనుక జయంతికి పోలేనివారు మాఘమాసములో రాజిమ్‌తో కలిపి చంపారణ్‌ను దర్శించుట మేలు.

నిర్ణయించు పద్ధతి

పై విషయములను బట్టి ఒక క్రమమును ఏర్పరచుకొనవచ్చును. మొదట, చూడవలసినది నీరా, అడవియా, శిల్పమా, ఉత్సవమా అని తేల్చుకొనవలెను. నీటికి సెప్టెంబరు, అక్టోబరు. శిల్పమునకు నవంబరు నుండి ఫిబ్రవరి. అడవికి శీతకాలము లేక వేసవి వేకువలు. ఉత్సవమునకు దాని తిథి. రెండవది, ఆ స్థలము ఆ నెలలో తెరచి ఉన్నదో లేదో విచారించవలెను. మూడవది, బృందములో అందరికంటె బలహీనుడైన వ్యక్తికి ఆ ఎండ, ఆ చలి, ఆ మెట్లు సరిపడునా అని యోచించవలెను. నాలుగవది, ఒక యాత్రలో ఒక ముఖ్య లక్ష్యమునే ఉంచుకొనవలెను. అన్నిటికీ ఉత్తమమైన ఋతువు ఏదీ లేదు. ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్కటి ఉన్నది.

పాఠశాలలు, కళాశాలలు ఏడాది ఆరంభములోనే ఇట్టి ఋతుపట్టికను తయారుచేసి గోడమీద ఉంచిన మేలు. ఏడాదికి రెండు చిన్న యాత్రలు చేసినా పాఠశాల విడిచేనాటికి విద్యార్థి తాను పెరిగిన నేలను నాలుగు దిక్కులా ఎరిగినవాడగును. వేసవిలో తాతగారి ఊరు, శరత్తులో బస్తర్, మాఘములో రాజిమ్ చూచిన బాలునికి రెండు ప్రాంతములూ స్వంత ఊళ్ళే అవుతాయి.