మొదటిది ఇవ్వమంటే ఇవ్వదు

బుచ్చయ్యపేటలో ఒక కుర్రాడు తమ చెరకు పొలాల లెక్క ఫోన్లో చూసుకునేందుకు చిన్న పేజీ తయారుచేస్తున్నాడనుకుందాం. ఒక్కో పొలాన్నీ సర్వే నంబరు పేరున జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌లో పెట్టాడు. ఎక్కించిన వరుస: 47/2, 112, 9/1, 23.

అపోహ: పొలాలు[0] అంటే మొదట ఎక్కించిన పొలం వస్తుంది.

వాస్తవం: రాదు. అన్‌డిఫైన్డ్ అంటుంది. (తెలుగులో పేరు పెట్టొచ్చా అని అనుమానం వద్దు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది.) బ్రాకెట్లో ఉన్న సున్నా వరుసలో స్థానం కాదు, ఒక పేరు. ఆ పేరుతో పొలమే లేదాయె! పొలాలు[23] అని అడగండి, ఠక్కున ఇస్తుంది. ఆ పొలం పేరే 23 కనుక. కోట్స్ లేకుండా పొలాలు[47/2] అన్నారో, ముందు భాగహారం చేసి 23.5 అనే పొలం కోసం వెతుకుతుంది. మన మండలంలో అలాంటి సర్వే నంబరు ఎక్కడుంది?

అపోహ: ఆబ్జెక్ట్‌లో వరుస అనేదే ఉండదు.

వాస్తవం: పాత మాట. ఎక్మాస్క్రిప్ట్ 2015 ప్రమాణం వరుసను రాసిపెట్టింది. ఆబ్జెక్ట్.కీస్, ఫర్-ఇన్ కూడా దాన్నే పాటించాలన్నది 2020 కూర్పులో చేరింది.

అపోహ: అయితే ఆబ్జెక్ట్.కీస్(పొలాలు)[0] అంటే మొదట ఎక్కించినదే.

వాస్తవం: నన్నడిగితే అసలు గొయ్యి ఇదే. ఇక్కడ వచ్చేది 47/2 కాదు, అన్నిటికన్నా చివర ఎక్కించిన 23. పూర్ణసంఖ్యల్లాంటి పేర్లు ముందుకొచ్చి చిన్న నుంచి పెద్దకు నిలబడతాయి. మిగతా పేర్లు ఎక్కించిన వరుసలో వాటి వెనక వస్తాయి. కాబట్టి జాబితా 23, 112, 47/2, 9/1. నాలుగూ 47/2 లాంటి సబ్‌డివిజన్లే అయ్యుంటే తేడా బయటపడేది కాదు. కుర్రాడు తన కోడ్ సరిగ్గానే ఉందనుకునేవాడు.

ఇలా ముందుకు రావడానికీ హద్దుంది: 4,29,49,67,294. పిన్‌కోడ్ దీనికి లోపలే, అందుకే 531001 జరిగి ముందుకొస్తుంది. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే పదంకెలవి, హద్దు దాటిపోతాయి. వాటిని ఎక్కించిన వరుసలోనే ఉంచుతుంది. 007 అన్నా అంతే, ముందు సున్నాలుంటే అది సంఖ్య కింద లెక్క కాదు.

అపోహ: దిగుబడి అంకె మారిస్తే ఆ పొలం చివరికి పోతుంది.

వాస్తవం: విలువ మారిస్తే కదలదు. 47/2ను డిలీట్ చేసి మళ్లీ ఎక్కిస్తేనే చివరికి పోతుంది.

సర్వే నంబరు ముందు ‘స’ తగిలించి స23 అంటే వరుస నిలుస్తుందని కొందరి కిటుకు. నిలుస్తుంది గానీ నాకు నచ్చదు. ఆబ్జెక్ట్ బదులు జావాస్క్రిప్ట్ మ్యాప్ వాడితే ఆ తిప్పలు లేవు, ఎలాంటి పేరైనా ఎక్కించిన వరుసే. స్థానమే కావాలంటే మాత్రం అర్రేలో పెట్టి, సర్వే నంబరును ప్రతి పొలం లోపల ఒక వివరంగా రాయాలి. అప్పుడు పొలాలు[0].సర్వే అంటే 47/2 అనే వస్తుంది.