మీకు తెలుసా? టర్బో సీ అంటే సీ భాష కాదు

సీ నేర్చుకున్నామనే చాలామందికి ముందు గుర్తొచ్చేది టర్బో సీ నీలం తెర. సీ అనేది భాష. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించారు. టర్బో సీ మాత్రం ఆ భాషలో కోడ్ రాసి, కంపైల్ చేసి, తప్పులు వెతుక్కోవడానికి 1987లో బోర్లాండ్ సంస్థ తెచ్చిన సాఫ్ట్‌వేర్.

ల్యాబ్ రికార్డుల్లో అలవాటుగా రాసే, తెరను శుభ్రం చేసే ‘సీఎల్‌ఆర్‌ఎస్‌సీఆర్’ ఫంక్షన్ సీ ప్రమాణంలో లేనే లేదు. అది బోర్లాండ్ చేర్చుకున్నది. అదే ప్రోగ్రామును లైనక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌కు ఇస్తే ఎర్రర్ వస్తుంది. భాష రాలేదేమోనని పిల్లలు బెంగపడతారు. ఈ తేడా మొదటి క్లాసులోనే చెప్పాలి.

ప్రోగ్రామింగ్‌కు ఫలానా సాఫ్ట్‌వేరే ఉండాలనేమీ లేదు. హైదరాబాద్ శివారు దమ్మాయిగూడకు దగ్గర్లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది 1967లో. ట్రాంబేలో రూపుదిద్దుకుని ఈసీఐఎల్ ద్వారా మార్కెట్లోకి వచ్చిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969 నాటిది. మౌస్ లేదు, రంగురంగుల ఎడిటర్ లేదు, సగం టైపు చేయగానే మిగతాది పూరించే సౌకర్యం అసలే లేదు. అయినా దానిమీద ప్రోగ్రాములు రాశారు, నడిపారు.

ఇప్పటికీ భాష వేరు, సాధనం వేరు: 2015లో వచ్చిన వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో సీ రాయాలన్నా, కంపైలర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.