ఒక్క ఇంటర్నెట్టు – రెండు కంప్యూటర్లు

ఒకే ఇంటర్నెట్టును రెండు కంప్యూటర్లు పంచుకొనుట నేడు ఇండ్లలోను పాఠశాలలలోను సామాన్యమైన విషయము. వానిలో ఒకటి విండోసు, రెండవది లైనక్సు అయినయెడల, సంబంధము తెగినంతనే పలువురు “ఈ రెంటికిని పొత్తు కుదరదు” అని తీర్మానించి, లైనక్సును తుడిచివేసి విండోసు నెక్కింతురు. ఆ తొందరలో విద్యార్థి యేడాదిపాటు వ్రాసికొన్న పాఠములు నశించుటయు గలదు. నిజమునకు ఈ రెండును నెట్టుమీద మాటలాడు భాష ఒక్కటే. దానికి ఐపీ యని పేరు. చివరి మడికి నీరు రానప్పుడు రైతు ఆనకట్టను త్రవ్వడు. బోదె వెంబడి నడచి, అడ్డము ఎచ్చటనున్నదో వెదకును. మనమును అట్లే చేయవలెను.

విండోసు కంప్యూటరు వైఫైద్వారా ఇంటర్నెట్టును పొంది, తీగద్వారా లైనక్సునకు పంచుచున్నదనుకొందము. ఇంటివారి జాబులన్నియు ఇంటి పెద్ద పేర వచ్చి, ఆయన చేతిమీదుగా అందునట్లు, లైనక్సునకు రావలసినదెల్ల విండోసుద్వారా వచ్చును. ఇక పరీక్షాక్రమము:

1. తీగ రెండు కొనలయందును బిగువుగా నున్నదా, పోర్టు దీపము వెలుగుచున్నదా చూడుడు.

2. లైనక్సు టెర్మినలులో ‘ఐపీ అడ్రస్’ ఆజ్ఞ నిండు. విండోసు 7 మొదలుకొని పంచు కంప్యూటరు తీగవైపు సాధారణముగా 192.168.137.1 అను అడ్రసును ధరించును. లైనక్సు అడ్రసులో మొదటి మూడు అంకెలు అవియే యుండి, చివరిది వేరుగా నుండవలెను. అడ్రసే లేకున్నను, 169.254తో ప్రారంభమైనను, పంపకము సాగుటలేదని యర్థము. విండోసులో వైఫై సంబంధపు ప్రాపర్టీసు తెరచి, షేరింగు టిక్కును తీసి మరల పెట్టుడు.

3. ‘పింగ్ 192.168.137.1’ అని పిలువుడు. బదులు రాకున్నను నిరాశ పడవలదు. విండోసు ఫైర్‌వాల్ పింగునకు బదులియ్యకయే ఇంటర్నెట్టును పంచుచుండవచ్చును.

4. ‘పింగ్ 8.8.8.8’ అని బయటి అడ్రసును పిలువుడు. బదులు లేనిచో, మొదట విండోసులోనే ఇంటర్నెట్టు ఉన్నదా చూడుడు. ఉన్నయెడల, లైనక్సులో ‘ఐపీ రూట్’ చూపు డిఫాల్ట్ దారి 192.168.137.1 వైపున కున్నదా పరిశీలింపుడు.

5. అంకెలకు బదులు వచ్చియు, పేరుతో వెబ్‌సైటు తెరువబడనిచో, తప్పు సాధారణముగా పేరును అంకెలుగా మార్చు డీఎన్ఎస్‌లో నుండును. గూగుల్ సంస్థ 2009లో నెలకొల్పిన 8.8.8.8 అను డీఎన్ఎస్‌ను వ్రాసి చూడుడు.

లైనక్సే పంచునదియై, విండోసు పుచ్చుకొనునదియైనచో, లైనక్సులో రెండు సంగతులు ముఖ్యము: ‘ఐపీ ఫార్వర్డ్’ విలువ 0 గాక 1 కావలెను, మాస్కరేడు నియమము అమలులో నుండవలెను. విండోసు అడ్రసును ‘ఐపీకాన్ఫిగ్’ చూపును. తక్కిన క్రమ మంతయు పైదే.

విద్యార్థులారా! ఒక పర్యాయము ఒక్కదానినే మార్చుడు. మార్చినదానిని నోటుపుస్తకములో వ్రాసికొనుడు. ఫలము లేనిచో దానిని పూర్వమువలె నుంచి ముందునకు సాగుడు. తుడిచివేయుట నిమిషముల పని. పోయిన వ్రాతను మరల వ్రాయుటకు నెలలు పట్టును.