పానశాలలో ఒక పూట భోజనము

పానశాల యను మాట వినినంతనే మనము ముఖము త్రిప్పుకొందుము. అట్టిచోట నేను భోజనము చేసి వచ్చితినని వ్రాసినచో మీలో కొందఱు ముక్కుపై వ్రేలిడుకొనవచ్చును. తుదివఱకు చదివి పిమ్మట తీర్పు చెప్పుడు.

మాది ఇబ్రహీంపట్నము. నా భర్త బడిపంతులు. గత వేసవి సెలవులలో జర్మనీదేశమున మ్యూనిక్ నగరమందు ఉద్యోగము చేయుచున్న మా మఱిది యింటికి పోయితిమి. ఒకనాటి సాయంకాలము మఱిది, “వదినా! నేడు వంట వలదు. హోఫ్‌బ్రాయ్‌హౌస్‌కు పోవుదము” అనెను. అది బీరుశాల యని తెలిసి నేను రానంటిని. “పిల్లలును వచ్చుచున్నారక్కా! మీరు రాకున్న నెట్లు?” అని తోడికోడలు చేయి పట్టుకొనెను. పానశాలకు పిల్లలా యని విస్తుపోయి, ఆ వింత చూతమనియే బయలుదేరితిని.

1589లో బవేరియా ప్రభువగు ఐదవ విల్హెల్ము తన కొలువువారికి బీరు కాచుటకై ఈ శాలను స్థాపించెను. 1828లో సామాన్యజనులకును ప్రవేశము కలిగెను. క్రింది అంతస్తున చిత్రములు వ్రాసిన కమానుల కప్పు, దాని క్రింద వేయిమందికి పైగా కూర్చుండదగిన పొడవైన కొయ్యబల్లలు, నడుమ ఇత్తడివాద్యముల మేళము. వడ్డించు స్త్రీలు లీటరు పట్టు గాజుపాత్రలను రెండు చేతుల నిండ పట్టుకొని జనము నడుమ చకచక నడచుచుందురు. నిత్యము వచ్చువారు తమ పాత్రలను అచ్చటనే ఇనుపచట్రములలో తాళము వేసి దాచుకొందురు. ఎఱుగనివారి బల్లయైనను, అడిగి ప్రక్కన కూర్చుండుట అచ్చటి మర్యాద. మా ప్రక్కన నొక ముదుసలి దంపతులు, వారి కుమార్తె, మనుమరాలు ఉండిరి. ఆ చిన్నది ఆపిలుపండ్ల రసము త్రాగుచు మేళమునకు చప్పట్లు చఱచుచుండెను.

శాకాహారులు అచ్చట అడిగి తినవలెను. ఆలుగడ్డల కూరలో మాంసపు చారు, పులియబెట్టిన క్యాబేజీలో పందికొవ్వు కలుపుట కలదు. నాకు ఉప్పుపలుకులు చల్లిన ముడిరొట్టెయు, ముల్లంగియు లభించెను. ఆ ముల్లంగిని తెగని నాడావలె సన్నని చుట్టలుగా తఱిగి ఉప్పు చల్లుదురు. కొంతసేపటికి నీరూరి ఘాటు తగ్గును. మనమును ఇంట చేసికొనవచ్చును.

మఱిది బీరు తెప్పించుకొనెను. యవలు, హాప్స్ అను తీగపూవులు, నీరు తప్ప మఱేమియు బీరులో కలుపరాదని ఆ ప్రభువులు 1516లోనే శాసించి, ధరను సైతము నిర్ణయించిరట. ఒక పాత్ర ముగిసినంత వడ్డించునామె మఱియొకటి తేనా యని యడిగెను. తోడికోడలు మాటాడలేదు, ఊరక చూచెను. మఱిది నవ్వి, చాలుననెను.

ఆ చూపు చూచినంతనే నాకు మా పెద్దమ్మ జ్ఞప్తికి వచ్చెను. మా పెదతండ్రి ఇంట నెన్నడును త్రాగలేదు. పెద్దమ్మ కంచముపై మూత పెట్టి, దీపము కడ అర్ధరాత్రి దాక కూర్చుండెడిది. ఆయన ఎవరితో త్రాగెనో, ఎంత త్రాగెనో, ఎంత వెచ్చించెనో ఆమె చూడలేదు. తూలుచు తిరిగివచ్చిన మనుష్యుని మాత్రమే చూచెను. మొదట ఆమె కమ్మలు పోయినవి, పిమ్మట పొలము పోయినది.

మృతసంజీవని నెఱిగిన శుక్రాచార్యుడంతవాడు మద్యములో కలిసిన కచుని బూడిదను గుర్తింపక త్రాగెనని భారతమున చదివియున్నాము గదా! పాత్రలో నేమున్నదో త్రాగువానికి కనబడదు. ప్రక్కన నున్నవారికి కనబడును.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు, తమ పాఠములోనే తమ గోడు చూచుకొని, సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో మద్యమంతయు నిషిద్ధమయ్యెను. 1997లో ఆ నిషేధము సడలెను. శాసనములు వచ్చును, పోవును. ఇంటి యిల్లాలి కన్ను ఇంటనే యుండును.

జర్మనీలో త్రాగుడువలన చెడిన కుటుంబములు లేవని నేననను. ఆ శాలలోనే 1920 ఫిబ్రవరి 24న హిట్లరు తన పక్షపు కార్యక్రమమును చదివెను. జనము కలసి కూర్చున్నంతనే మేలు కలుగునని నమ్మరాదు.

లేచునపుడు ఆ ముదుసలి తన పాత్రను నా నీళ్లగ్లాసునకు తాకించెను. అట్లు తాకించునపుడు కన్నులలోనికి చూడవలెనట. చూచితిని.

సోదరీమణులారా! ఆ పాత్రను మన యింటికి తెచ్చుకొందమని నేననను. ఆ బల్లను తెచ్చుకొందము. భార్య, భర్త, పిల్లలు ఒక్కచోట కూర్చుండి భుజింతము. నెలజీతపు లెక్క అందఱి యెదుట చూతము. చీకటిలో మూతపెట్టిన కంచము కడ ఒంటిగా కూర్చుండుట మా పెద్దమ్మతోనే ముగియుగాక!