సూర్యరశ్మికి వెల కలదా?

ఎండకు వెల లేదు గదా, ఎండనుండి తీసిన విద్యుత్తుకు వెల యేల? అని విద్యార్థులు అడుగుట సహజము. బొగ్గును, చమురును క్రమముగా విడిచి సూర్యరశ్మిని, గాలిని ఆశ్రయింపవలసిన కాలమిది. 2070 నాటికి నికర ఉద్గారములను శూన్యము చేయుదుమని భారతదేశము 2021లో గ్లాస్గో సభయందు ప్రకటించినది. ఈ మార్పులోని కష్టసుఖములను తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. మన పావగడయే చాలును.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా తెలుగువారు విశేషముగా నివసించు కరవుసీమ. అచ్చట తిరుమణి మొదలగు అయిదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరములలో, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2019లో పూర్తియైనది. ప్రభుత్వసంస్థ ఆ భూమిని కొనలేదు, కౌలునకు తీసికొన్నది. ఆరంభమున ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్లకొకసారి నూటికి అయిదు చొప్పున హెచ్చు. వానను నమ్మి వేరుసెనగ వేసిన రైతునకు ఇది నిలుకడగల రాబడి. భూమియు అతని పేరనే యున్నది.

ఇక ధర విషయము. బొగ్గు కేంద్రమునకు ప్రతిదినమును ఇంధనము కొనవలెను. సౌరకేంద్రమునకు ఆ ఖర్చు లేదు. కాని పెట్టుబడి దాదాపు అంతయు మొదటనే పెట్టవలెను. కనుక అప్పుపై వడ్డీ హెచ్చినచో విద్యుత్తు ధరయు హెచ్చును. 2017లో రాజస్థానమునందలి భడ్లా వేలములో యూనిటు ధర 2 రూపాయల 44 పైసలకు దిగినది. అయినను దీపములు వెలిగించు వేళకు ఎండ యుండదు. పగటి విద్యుత్తును బ్యాటరీలలో నిలువచేయవలెను. లేదా దానితో నీటిని ఎగువ జలాశయమునకు తోడి, రాత్రి దిగువకు వదలి విద్యుత్తు తీయవలెను. ఈ రెంటికిని వేరుగా వ్యయము కలదు.

ఈ లెక్కలలో చేరని పద్దు ఇంకొకటి యున్నది. కౌలు పట్టాదారునకే ముట్టును. అదే చేనిలో కలుపు తీసి, కాయ ఒలిచి బ్రదికిన కూలివానికి పట్టా లేదు. పలకలు తుడుచుటకును, కావలి కాయుటకును కొలదిమంది చాలుదురు. గొఱ్ఱెలు మేసిన బీళ్లకు కంచె పడినది.

సౌరవిద్యుత్తు వలదనుట మన అభిప్రాయము కాదు. పొగలేని వెలుగు లోకమునకు అవసరమే. కాని ఆ వెలుగునకై పని కోల్పోయినవాని జీవనోపాధిని మొదటి అంచనాలోనే వ్రాయవలెను. అప్పుడే యూనిటునకు వేసిన వెల నిజమైన వెల యగును.